మద్రాసు-17: చెరువులో వెలిసిన పేట

మీ తాతగారు 1958లోనూ ఆ తరవాతా రాసిన ఉత్తరాల్లో కొన్నింటి మీద ‘మాంబలం, మద్రాసు-17’ అనీ, కొన్నింటి మీద ‘త్యాగరాయనగర్, మద్రాసు-17’ అనీ ఉందన్నారు. ఆ రెండూ ఒకే చోటా, అది తెలుగువాళ్ళు కట్టుకున్న పేటా, అయితే వాళ్ళంతా ఏమైపోయారు అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు: ఒకే చోటే. రెండోదానికి: కాదు. కాదన్నందుకు నా మీద కోపగించుకునేవాళ్ళు ఇక్కడ కొందరు ఉంటారని తెలుసు. మూడో ప్రశ్నకు వచ్చేలోగా వాళ్ళకూ జవాబు దొరకవచ్చు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇళ్ళూ స్థలాలూ కొనేవాళ్ళ కోసం దస్తావేజులు చదివి, అమ్మేవారి హక్కు నికరమైనదో కాదో చెప్పే న్యాయవాదిగా మద్రాసులో దాదాపు నలభై ఏళ్ళు గడిపాను. పుట్టింది తెనాలిలో. పెరిగింది టి.నగర్‌లో (త్యాగరాయనగర్‌ను అందరూ పిలిచే పొట్టి పేరు), ఒక బంగళా వెనక అద్దెకిచ్చిన చిన్న ఇంట్లో. కాబట్టి ఈ పేట నాకు కాగితాల్లోనూ తెలుసు, మోకాలి లోతు నీళ్ళలోనూ తెలుసు.

నీళ్ళ మాట ఊరికే అనలేదు. దస్తావేజులో ఆస్తి వివరం రాసేటప్పుడు నాలుగు హద్దులు చెబుతారు కదా. ఈ చుట్టుపక్కల పాత కాగితాలు తిరగేస్తుంటే మాటిమాటికీ చెరువు తగిలేది: చెరువు గట్టు, చెరువు కాలువ, చెరువు పోరంబోకు. కొత్తగా వృత్తిలోకి వచ్చిన రోజుల్లో, పానగల్ పార్కు దగ్గర చెరువేమిటి, రాసినవాడు పొరబడ్డాడేమో అనుకున్నాను. పొరబడింది నేనే. నుంగంబాకం నుంచి సైదాపేట దాకా, మౌంట్ రోడ్డుకు పడమటి పక్కగా, కొడవలిలా వంగిన పొడవాటి చెరువొకటి ఉండేది. ఆంగ్లేయుల పటాల్లో దాని పేరు లాంగ్ ట్యాంక్. ఉత్తరపు కొస నుంగంబాకం చెరువు, దక్షిణపు భాగం మాంబలం చెరువు. దొరలు దానిలో పడవ పందేలు ఆడుకునేవారు. మద్రాసు నగరానికి పడమటి ఎల్ల అదే. గట్టు దాటితే చెంగల్పట్టు జిల్లా, సైదాపేట తాలూకా, మాంబలం అనే పల్లె.

చెరువు పోయినా పేర్లు పోలేదు. నుంగంబాకంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఇప్పటికీ ఉంది, లేక్ ఏరియా అనే చోటు ఉంది. పశ్చిమ మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద నిలబడి చూస్తే కనిపించేవి అపార్టుమెంట్ల బాల్కనీలూ, వాటి మీద ఆరేసిన పంచెలూ. 1976లో తెరిచిన వళ్ళువర్ కోట్టం (తమిళ కవి తిరువళ్ళువర్ స్మారక మందిరం) కూడా నుంగంబాకం చెరువు మిగిలిన చోటే కట్టారు.

చెరువును ఎందుకు ఎండగట్టారన్నది మీ రెండో ప్రశ్నకు అసలు జవాబు. 1921 జనాభా లెక్కల్లో మద్రాసు జనం దాదాపు 5.27 లక్షలు, పదేళ్ళకు 6.47 లక్షలయ్యారు. జార్జి టౌను, తిరువల్లిక్కేణి, మైలాపూరు ఇరుకైపోయాయి. అప్పటికే పట్టణాలను పద్ధతిగా విస్తరించాలన్న ఆలోచన ఇక్కడికి చేరింది. 1915లో పాట్రిక్ గెడ్డెస్ తన పట్టణ ప్రణాళికల ప్రదర్శనను మద్రాసుకు తెచ్చాడు. లాంచెస్టర్ అనే మరో ప్రణాళికా నిపుణుడు ఇక్కడ సలహాదారుగా పనిచేశాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. అదే ఏడాది ఎన్నికల్లో బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీ గెలిచి మంత్రివర్గం ఏర్పాటు చేసింది. చేతిలో చట్టం ఉంది, ప్రభుత్వం ఉంది, నగరపాలక సంస్థ కూడా ఆ పార్టీ నాయకుడి చేతిలోనే ఉంది. కావలసింది ఖాళీ నేల. ఊరి పక్కనే అంత పెద్ద నేల ఒకే చేతి కింద దొరికేది చెరువులోనే. రైతు పొలం కొనాలంటే ధర కట్టాలి, వంద మందితో మాట్లాడాలి. చెరువుతో మాట్లాడనక్కరలేదు. 1923లో పని మొదలైంది, రెండేళ్ళలో పేటకు రూపం వచ్చింది.

ఆ నాయకుడే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. దేవాంగ కుటుంబంలో పుట్టిన తెలుగువాడు, చేనేత వ్యాపారి, 1916లో టి.ఎం.నాయర్, నటేశ మొదలియార్లతో కలిసి జస్టిస్ పార్టీకి పునాది వేసినవాడు. మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టే ఏర్పాటు జరిగింది. పిల్లవాడికి అణా లోపు ఖర్చు. బడి భోజన పథకాల చరిత్ర రాసేవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెడతారు. ప్రధానమంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నాడు (మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాధినేతను కూడా అప్పట్లో అలాగే పిలిచేవారు). 1925 ఏప్రిల్ 28న పోయాడు. చెరువులోంచి తేలుతున్న కొత్త పేటకు ఆయన పేరు పెట్టారు.

ఇక్కడొక చిన్న సవరణ. మనవాళ్ళు సగం మంది దీన్ని ‘త్యాగరాజ నగర్’ అంటారు, అలా రాసిన శుభలేఖలు కూడా నా దగ్గర ఉన్నాయి. తిరువయ్యూరు త్యాగరాజస్వామికీ ఈ పేరుకూ సంబంధం లేదు. తమాషా ఏమిటంటే, ఆ స్వామి పేరు మీద కూడా ఇక్కడ ఒక సభ ఉంది: జి.ఎన్.చెట్టి రోడ్డులో వాణీ మహల్ నడిపే శ్రీ త్యాగబ్రహ్మ గానసభ. దాన్ని 1945లో స్థాపించినవాడు చిత్తూరు నాగయ్య. త్యాగరాయలి పేటలో త్యాగరాజుకు సభ, కట్టినవాడు మరో తెలుగువాడు. పేర్లు కలగాపులగం కావడంలో జనం తప్పు పెద్దగా లేదు.

ఇక రోడ్ల పేర్లు. ‘అన్నీ మన పేర్లే కదా’ అని మీరు ఉత్సాహపడ్డారు. వరసగా చదవండి. పార్కు పేరు పానగల్ రాజాది: కాళహస్తిలో పుట్టిన పానగంటి రామారాయణింగారు, 1921 నుంచి 1926 దాకా ప్రధానమంత్రి. జి.ఎన్.చెట్టి అంటే గోపతి నారాయణస్వామి చెట్టి. వెంకటనారాయణ రోడ్డు ఉంది. ఇంతవరకు మీ మాట నిజం. కానీ ఉస్మాన్ రోడ్డు మహమ్మద్ ఉస్మాన్ పేరు మీద ఉంది, డాక్టర్ నాయర్ రోడ్డు మలయాళి అయిన టి.ఎం.నాయర్ పేరు మీద, నటేశన్ పార్కు నటేశ మొదలియార్ పేరు మీద. తణికాచలం రోడ్డు, హబీబుల్లా రోడ్డు, బజుల్లా రోడ్డు ఉన్నాయి. కార్పొరేషన్ కమిషనరు బోగ్ దొర పేరు మీద బోగ్ రోడ్డు వేశారు (దాని దక్షిణ భాగం ఇప్పుడు షెవాలియే శివాజీ గణేశన్ రోడ్డు). పాండీ బజారు పుదుచ్చేరి సరుకు అమ్మినందువల్ల రాలేదు, సౌందరపాండియన్ అనే నాడార్ నాయకుడి పేరు అలా అరిగి మిగిలింది. అదంతా ఒక పార్టీ సమావేశానికి వచ్చినవాళ్ళ హాజరు పట్టీ. ఆ పార్టీ ముందు వరసలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కనుక పట్టీలోనూ ఉన్నారు. వాళ్ళు తెలుగువాళ్ళ కోసం పేట కట్టలేదు. అద్దె ఇళ్ళలో నలుగుతున్న గుమాస్తాలూ వకీళ్ళూ ఉద్యోగులూ సొంత ఇల్లు కట్టుకోవడానికి కట్టారు. వచ్చి చేరినవాళ్ళలో ఎక్కువమంది తమిళులే.

1970ల చివర ప్రభుత్వం వీధి పేర్ల నుంచి కులం తోకలు తీసేయించినప్పుడు గోపతి నారాయణస్వామి చెట్టి రోడ్డు కాస్తా బోర్డు మీద జి.ఎన్. రోడ్డు అయింది. ఆశయం మంచిదే. కానీ తోకతో పాటు మనిషే మాయమయ్యాడు. ఆ రెండక్షరాలు ఎవరివని అడిగితే ఈ రోజు ఆ రోడ్డులో దుకాణం పెట్టుకున్న పది మందిలో ఒక్కరు చెబితే గొప్ప.

తొలి పదేళ్ళు పేట నెమ్మదిగా నిండింది. చీకటి పడితే నక్కలు కూసేవనీ, మైలాపూరు బంధువులు పగలే వచ్చి పగలే వెళ్ళేవారనీ మా ఇంటి యజమానురాలు పాటిమ్మాళ్ చెప్పేది. దారి మార్చింది రైలు. 1931లో బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు రైళ్ళు మొదలయ్యాయి. మాంబలం స్టేషనులో ఎక్కితే కోటకూ హైకోర్టుకూ అర గంట లోపే చేరవచ్చు. గుమాస్తాకు అంతకన్నా ఏం కావాలి? ఆ రైలు కట్ట పేటను రెండుగా కోసింది కూడా. తూర్పున ప్రణాళిక ప్రకారం వేసిన వెడల్పాటి రోడ్లు, చెట్లు, బంగళాలు. పడమట పాత పల్లె వంకరలతోనే పెరిగిన పశ్చిమ మాంబలం, అక్కడ ఇరుకు ఇళ్ళు, తక్కువ అద్దె. తపాలా లెక్కలో కూడా రెండూ వేరు: ఇది 17, అది 33. మీ తాతగారు మాంబలం అని రాసినా 17 అని వేశారు కనుక ఆయన ఇల్లు రైలు కట్టకు తూర్పునే.

దక్షిణ భారత హిందీ ప్రచార సభ 1930లలో ఇక్కడికి మారింది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో మోటూరి సత్యనారాయణ గారు ముఖ్యులు. 1946 జనవరిలో గాంధీ సభ రజతోత్సవానికి వచ్చి ఆ ఆవరణలోనే బస చేశాడు. రాజాజీ బజుల్లా రోడ్డులో ఉన్నారు, కామరాజ్ తిరుమలపిళ్ళై రోడ్డులో. పట్టు చీరల దుకాణం ‘నల్లి’ 1928లోనే వచ్చింది. అప్పట్లో ఇంత పెద్ద బజారు మధ్య ఉన్న దుకాణం కాదది, ఇళ్ళ మధ్య ఉన్న దుకాణం.

తెలుగువాళ్ళు రోడ్ల బోర్డుల మీద నుంచి ఇళ్ళలోకి దిగింది సినిమాతో. కోడంబాకంలోనూ వడపళనిలోనూ స్టూడియోలు లేచాయి. బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి కలిసి పెట్టిన వాహినీ స్టూడియో 1948 నుంచి వడపళనిలో నడిచింది. తరవాత నాగిరెడ్డి, చక్రపాణి. వాళ్ళ ‘చందమామ’ 1947 జులైలో మొదలైంది. షూటింగుకు పిలిస్తే త్వరగా వెళ్ళగలిగేంత దగ్గర, మర్యాదగా కాపురం ఉండగలిగేంత శుభ్రం: ఆ రెండూ కలిసిన చోటు టి.నగర్. కొద్దోగొప్పో స్థిరపడినవారంతా ఇక్కడే ఇళ్ళు తీసుకున్నారు. ఘంటసాల ఉస్మాన్ రోడ్డులో, సావిత్రి హబీబుల్లా రోడ్డులో, ఎన్.టి.రామారావు బజుల్లా రోడ్డులో. తిరుపతి కొండ దిగిన యాత్రికుల బస్సులు అటునుంచి అటే మద్రాసు వచ్చి తెల్లవారేసరికి ఆయన ఇంటి ముందు ఆగేవి. గుండు మీద గంధం ఆరకముందే రెండో దర్శనం. మాకు బడికి వెళ్ళే దారి అదే కాబట్టి ఆ బస్సుల మధ్య నుంచి సైకిలు తోసుకుంటూ పోవడం రోజూ ఉండే పనే.

కానీ తెరమీద పేరు పడే పదిమందితో పేట నిండదు. నిండింది లెక్కలు రాసేవాళ్ళతో, సంభాషణలు సాపు రాసేవాళ్ళతో, కోరస్ పాడేవాళ్ళతో, ఎడిటింగ్ గదుల్లో సహాయకులతో, వేషాల కోసం వచ్చి ఏ వేషమూ దొరక్క హోటల్లో గుమాస్తాగా కుదిరినవాళ్ళతో. మా నాన్నగారు ఒక సినిమా కంపెనీలో లెక్కలు రాసేవారు. ఇలాంటివాళ్ళెవరికీ బంగళాలు లేవు. పెద్ద ఇంటి వెనక వంటగదీ, ఒక గదీ, రేకుల వరండా ఉన్న పోర్షన్లు, నాలుగు కాపురాలకు ఒక బావి. అద్దె నెల మొదటి తారీఖున ఇవ్వాలి, జీతం సినిమా విడుదలైనప్పుడు వస్తుంది. ఈ రెంటి మధ్య మా అమ్మ గాజులు ఉస్మాన్ రోడ్డు మార్వాడీ దగ్గరకు ఎన్నిసార్లు వెళ్ళి వచ్చాయో ఆమెకే తెలియాలి. తిండికి ఆంధ్రా మెస్సులు, కబుర్లకు పానగల్ పార్కు సిమెంటు బల్లలు. సాయంత్రం ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరు రచయిత, ఎవరు అప్పులవాడు అన్నది దగ్గరికి వెళితే గానీ తెలిసేది కాదు. నాగయ్య విగ్రహాన్ని తరవాత ఆ పార్కులోనే పెట్టారు. సంపాదించినదంతా దానాలకు పెట్టి ఆఖరికి చేతిలో ఏమీ లేకుండా పోయిన మనిషికి సరైన చోటే దొరికింది, ఆ బల్లల మీద అలాంటివాళ్ళు చాలామంది కూర్చున్నారు.

విజయరాఘవ రోడ్డులో ఆంధ్ర సోషల్ అండ్ కల్చరల్ అసోసియేషన్ ఉంది. ‘ఆస్కా’ అంటే ఆటోవాడికి కూడా తెలుస్తుంది. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానం వారి గుడి ఉంది, వైకుంఠ ఏకాదశినాడు వరస రోడ్డు చివరి దాకా పోతుంది. ఆ వరసలో తమిళులే ఎక్కువ. కాబట్టి మీ తాతగారి కాలపు టి.నగర్‌లో తెలుగు గట్టిగా వినపడేదన్నది నిజం. అది తెలుగు పేట అన్నది నిజం కాదు. గట్టిగా మాట్లాడటం మనకు అలవాటు కదా.

‘మద్రాసు మనదే’ ఉద్యమం గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి చెబుతాను. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చున్నది ఇక్కడ కాదు, మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు, మద్రాసు రాలేదు. తల పోయినా తలనగరాన్ని (రాజధానిని) వదలబోమన్న తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం పక్షం నెగ్గింది. అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ. మద్రాసును ఆంధ్రకు ఇవ్వకూడదన్న రాజాజీ, తెలుగువాళ్ళ ఆత్మగౌరవం పేరుతో తరవాత పార్టీ పెట్టిన రామారావు, ఇద్దరి ఇళ్ళూ బజుల్లా రోడ్డులోనే ఉండటం ఈ పేట స్వభావం.

ఆ రెండు మూడేళ్ళలో ఇరుగుపొరుగుల మధ్య కొట్లాటలు జరిగాయా అని అడిగారు. మా ఇంట్లో చెప్పుకున్న మాటల్ని బట్టి, మాటలు తగ్గాయి, రాకపోకలు మానలేదు. బావి ఒకటే కదా. కానీ ఒక మార్పు వచ్చింది. అంతకుముందు మద్రాసులో తెలుగువాడు సొంత రాజధానిలో ఉన్నాడు, తరవాత పొరుగు రాష్ట్రంలో ఉన్నాడు. ఇల్లు కొందామా, అద్దెకే ఉందామా అని తేల్చుకునేటప్పుడు ఆ తేడా పనిచేసింది. దస్తావేజుల్లో కూడా అదే కనిపిస్తుంది: స్థిరపడ్డ పెద్దలు కొన్నారు, మిగిలినవాళ్ళు అద్దెదారులుగానే మిగిలారు. అద్దెదారు ఖాళీ చేస్తే కాగితం మీద గుర్తు కూడా ఉండదు. ‘వాళ్ళంతా ఏమయ్యారు’ అన్నదానికి జవాబులో సగం ఇదే.

మిగతా సగం హైదరాబాదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అక్కడి ప్రభుత్వం సినిమావాళ్ళను పిలవడం మొదలుపెట్టింది. అక్కినేని 1960లలోనే మకాం మార్చారు, 1970ల మధ్యకు అక్కడ సొంత స్టూడియో కట్టారు. రామారావు 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు, బజుల్లా రోడ్డులో బస్సులు ఆగిపోయాయి. 1990లు వచ్చేసరికి పని మొత్తం అటు వెళ్ళింది, పనివాళ్ళు వెనకాలే వెళ్ళారు. మా నాన్నగారు వెళ్ళలేదు. ఆయన రావలసిన బాకీలు మద్రాసులో ఉన్నాయనేవారు. అవి చివరి దాకా మద్రాసులోనే ఉన్నాయి.

ఇంతలో పేట నేల కింద వేరే కథ నడిచింది. మద్రాసులో ఇంటి స్థలాన్ని గజాల్లో కొలవరు, గ్రౌండుల్లో కొలుస్తారు. గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు, ఎకరానికి పద్దెనిమిది గ్రౌండులు దాటుతాయి. తొలినాటి టి.నగర్ బంగళా నాలుగైదు గ్రౌండులు, ఒక్కోటి పది కూడా ఉండేది. కట్టినవాడు పోయాక కొడుకుల మధ్య భాగపంపకం దస్తావేజు, మనవల మధ్య మరొకటి. దానికి తోడు 1960 అద్దె నియంత్రణ చట్టం. వెనక పోర్షన్లలో ఉన్న అద్దెదారును కదిలించలేరు, అద్దె పెంచలేరు, ఇంటికి సున్నం వేయించడానికి కూడా అద్దె చాలదు. యజమానిని తిట్టలేం, అద్దెదారునూ తిట్టలేం, మేమూ ఆ అద్దెదారులమే. 1980లలో అపార్టుమెంట్లు కట్టేవాళ్ళు వచ్చి అందరికీ ఒకేసారి డబ్బు చూపించేసరికి బంగళాలు ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. నా సంపాదన మొదలైందీ అక్కడే కనుక నేను మరీ బాధపడినట్టు నటించలేను.

ఆ లావాదేవీలో చాలామందికి తెలియని చమత్కారం ఒకటుంది. తమిళనాడులో చాలాకాలం ఫ్లాటు కొన్నవాడికి రిజిస్టరయ్యే క్రయ దస్తావేజులో ఫ్లాటు ఉండేది కాదు, స్థలంలో అవిభాజ్య వాటా మాత్రమే ఉండేది. కట్టడానికి వేరే ఒప్పందం. అంటే మూడో అంతస్తులో ఉన్నవాడు చట్టం దృష్టిలో కొన్నది కింద ఎక్కడుందో చూపించలేని నాలుగైదు వందల చదరపు అడుగుల నేల. ఇక్కడైతే ఆ నేల పాత చెరువు అడుగు. ఒకసారి ఒక ముసలాయన కాగితాలన్నీ విని, ‘అయితే నేను బురదలో భాగం కొన్నానన్నమాట’ అన్నాడు. నలభై ఏళ్ళలో నా కక్షిదారుల్లో విషయం ఇంత త్వరగా అర్థం చేసుకున్నవాడు మరొకడు లేడు.

పార్కుకు పడమట ఉస్మాన్ రోడ్డూ రంగనాథన్ వీధీ ఇళ్ళ దశ దాటి దుకాణాలయ్యాయి. స్టేషను దిగినవాడు పానగల్ పార్కుకు నడిచే దారి రంగనాథన్ వీధి. నడిచేవాడికి మొదట గిన్నెలు అమ్మారు, తరవాత చీరలు, తరవాత బంగారం, తరవాత అన్నీ ఒకే భవనంలో. అనుమతి మూడంతస్తులకైతే లేచినవి ఏడెనిమిది. 2011 అక్టోబరు చివర అధికారులు వరసగా చాలా దుకాణాలకు సీలు వేశారు, కొద్ది నెలలకే కోర్టు ఉత్తర్వులతో అవి తెరుచుకున్నాయి. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డులో ఒక పెద్ద బట్టల భవనం రోజంతా తగలబడింది, చివరికి దాన్ని పడగొట్టవలసి వచ్చింది. ప్రణాళిక వేసి కట్టిన పేట ప్రణాళిక లేకుండా ఎలా పెరగగలదో చూడాలంటే ఆ అరమైలు చాలు. 2019 నవంబరులో పాండీ బజారులో కాలిబాటలు వెడల్పు చేసి నడిచేవాళ్ళకు చోటు ఇచ్చారు. 2023 మేలో మాంబలం స్టేషను నుంచి 570 మీటర్ల ఆకాశవంతెన తెరిచారు. పానగల్ పార్కు కింద మెట్రో స్టేషను కోసం తవ్వారు. మంచి పనులే. దుకాణాలు సర్దుకున్నాయి, పాత చెట్లు కొన్ని సర్దుకోలేదు.

తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది, కానీ గొంతు మారింది. అప్పుడు ఇంటివాళ్ళ తెలుగు, ఇప్పుడు గిరాకీ తెలుగు. నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళను గుమ్మంలో ‘రండమ్మా’ అని పిలిచే కుర్రాడు తిరునెల్వేలివాడు. ఆ ఒక్క మాటతో పాటు రంగులూ అంకెలూ నేర్చుకున్నాడు, అతనికి అవి చాలు.

ఇక చెరువు. అది పోలేదండీ. నుంగంబాకం వైపు నుంచి టి.నగర్ మీదుగా నందనం దాటి అడయారు నదిలో కలిసే మాంబలం కాలువ ఉంది, దాని మీదా పక్కనా ఏమేమి కట్టారో లెక్కలేదు. వాన పడితే నీళ్ళు తమ పాత చోటికి వస్తాయి. దురైస్వామి సబ్‌వే ముందు మునుగుతుంది, తరవాత జి.ఎన్.చెట్టి రోడ్డు, విజయరాఘవ రోడ్డు. 2015 డిసెంబరు మొదట్లో నదే పొంగింది, అది వేరే లెక్క. 2021 నవంబరు 7న మాత్రం పడినది వాన, నిలిచింది చెరువు. మా ఇంటి మెట్లు మూడు మునిగాయి. వకీలు బుద్ధి ఊరుకోదు కదా, అటక మీద పెట్టిన పాత దస్తావేజు నకలు తీసి హద్దులు చదివాను: ‘పడమర, చెరువు’. నూరేళ్ళ కిందట రాసినవాడు ఆ రోజుకు సరిగ్గానే రాశాడు.

మీ తాతగారి ఇల్లు వెతకాలనుకుంటున్నారు కాబట్టి పనికొచ్చే మాటలు కొన్ని. ఉత్తరం మీద ఉన్న ఇంటి నంబరు పాత నంబరు. ఇప్పుడు ప్రతి ఇంటికీ పాత నంబరూ కొత్త నంబరూ రెండూ రాస్తారు, వెతికేటప్పుడు ‘పాత’ అన్నదాన్నే చూడండి. వీధి పేరు మారిందేమో ముందు తేల్చుకోండి. కన్నెమరా గ్రంథాలయంలో ఆ కాలపు డైరెక్టరీలు అడగండి. ఇంటి యజమాని పేరు ఉత్తరాల్లో ఎక్కడైనా ఉంటే అదే అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయాలన్నా, మూల దస్తావేజు నకలు అడగాలన్నా తాతగారి పేరు పనికిరాదు. ఆయన అద్దెకు ఉన్నారని మీరే రాశారు. పాత రికార్డుల కోసం రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. వీధి పేరూ పాత నంబరూ ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టకుండా నాకు విడిగా రాయండి. బయలుదేరేటప్పుడు మాత్రం నవంబరు, డిసెంబరు నెలలు వద్దు. ఫిబ్రవరిలో రండి.